సతతహరిత ఓక్‌కు దీటైన మన చెట్లు: రాయికోడ్ వర్షాధార నేలల్లో పచ్చని చాటు వరుసల పెంపకం

ఉపోద్ఘాతం

సంగారెడ్డి జిల్లాలో జహీరాబాద్ పరిసర మండలాల భూవినియోగం గత కొన్నేళ్ళుగా వేగంగా మారుతున్నది. 65వ జాతీయ రహదారికి దగ్గరగా ఉన్న ఈ ప్రాంతంలో చెరకు, అల్లం, కంది, జొన్న చేల పక్కనే ఇళ్ళ స్థలాలు, తోట గృహాలు, విద్యాసంస్థల ప్రాంగణాలు వెలుస్తున్నాయి. రాయికోడ్ వంటి మండల కేంద్రాల్లోనూ కొత్తగా భూమి కొన్నవారు, పాఠశాలల నిర్వాహకులు, పండ్లతోటల రైతులు విస్తరణ శాస్త్రవేత్తలను తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది: ఏడాది పొడవునా ఆకు రాల్చకుండా, రోడ్డు దుమ్మునూ ఎండగాలినీ పరుల చూపునూ ఆపే చెట్టు ఏది?

ఈ ప్రశ్నకు విదేశీ ఉద్యాన గ్రంథాలు చెప్పే సమాధానాల్లో సతతహరిత ఓక్ ముఖ్యమైనది. దట్టమైన ముదురాకుపచ్చ పందిరి, కత్తిరింపును తట్టుకునే గుణం, దీర్ఘాయువు, అనావృష్టిని ఓర్చుకునే శక్తి దీనికి ఆ స్థానాన్ని తెచ్చిపెట్టాయి. ఆ చెట్టును ఉన్నదున్నట్టుగా దక్కను పీఠభూమికి తేవడం ఆచరణయోగ్యం కాదు. అయితే అది చేసే పనిని విడమరచి చూస్తే, ఆ పనిని చేయగల చెట్లు మన నేలలోనే కనిపిస్తాయి. ఆ చెట్లేవి, వాటిని రాయికోడ్ పరిస్థితుల్లో ఏ వరుసలో, ఏ దూరంలో, ఎంత నీటి ఖర్చుతో పెంచవచ్చు అన్నదే ఈ వ్యాసంలోని విషయం.

సతతహరిత ఓక్: స్వస్థలం, స్వభావం

ఓక్ ప్రజాతిని తెలుగులో సింధూర వృక్షమని వ్యవహరిస్తారు. చాటు వరుసలకు ప్రసిద్ధి చెందిన జాతి క్వెర్కస్ ఐలెక్స్. ఇది మధ్యధరా సముద్ర తీర దేశాలైన స్పెయిన్, పోర్చుగల్, ఇటలీ ప్రాంతాలకు చెందినది. పదహారవ శతాబ్దంలో ఇంగ్లండుకు చేరి, సముద్రపు గాలికి అడ్డుగా తీరప్రాంతపు తోటల్లో స్థిరపడింది. దీని ఆకులు మందంగా, తోలువలె గట్టిగా, పైన మైనపు పూతతో, అడుగున సన్నని నూగుతో ఉంటాయి. ఒక్కో ఆకు సాధారణంగా రెండేళ్ళ వరకు కొమ్మను అంటిపెట్టుకొని ఉంటుంది. లోతుకు దిగే తల్లివేరు ఎండాకాలంలో నీటిని అందిస్తుంది.

మధ్యధరా ప్రాంతపు వేసవి కూడా పొడిగా, వేడిగా ఉంటుంది కనుక ఈ చెట్టు మన వేసవిని సైతం ఓర్చుకుంటుందని అనిపించవచ్చు. అక్కడ వానలు చలికాలంలో, వాతావరణం చల్లగా ఉన్నప్పుడు కురుస్తాయి. మనకు వానలు జూన్ నుంచి సెప్టెంబరు వరకు, వేడీ తేమా కలిసి ఉన్న కాలంలో వస్తాయి. ఆ కాలంలో నల్లరేగడి నేల రోజుల తరబడి నీటితో నిండి ఉంటుంది. నీరు ఇంకిపోయే రాతి వాలుల్లో అలవాటుపడిన వేర్లకు ఇది ప్రతికూలం. ద్వీపకల్ప భారతంలో ఓక్ ప్రజాతి సహజంగా పెరగకపోవడం గమనార్హం. మన దేశంలో ఓక్ వనాలు హిమాలయాల్లో, ఈశాన్య రాష్ట్రాల కొండల్లో ఉన్నాయి. ఉత్తరాఖండ్ కొండల్లో 'బాంజ్' అనే సతతహరిత ఓక్ అక్కడి పల్లెల పశుగ్రాసానికి, వంటచెరకుకు, నీటిఊటల రక్షణకు ఆధారంగా నిలిచింది. విత్తనపరంగానూ ఇబ్బంది ఉన్నది. ఓక్ గింజలు ఆరితే మొలకశక్తిని కోల్పోతాయి. దూరప్రాంతం నుంచి తెప్పించిన ఎండిన గింజలతో నర్సరీ పెంచబూనడం వృథా ప్రయాస అవుతుంది.

సతతహరితం అంటే ఏమిటి?

సతతహరిత వృక్షం ఆకు రాల్చదన్నది సామాన్యంగా ఉన్న అపోహ. ప్రతి చెట్టూ ఆకు రాలుస్తుంది. తేడా అంతా ఆకు ఆయుష్షులోనూ, పాత ఆకు రాలడానికీ కొత్త చిగురు రావడానికీ మధ్య ఉన్న వ్యవధిలోనూ ఉన్నది. ఈ దృష్టితో మన చెట్లను మూడు తరగతులుగా చూడవచ్చు.

మొదటి తరగతి చెట్లు పాత ఆకులను కొద్దికొద్దిగా రాలుస్తూ, ఎప్పుడూ నిండు పందిరితో ఉంటాయి. పొగడ, పాల చెట్లు ఇటువంటివి. రెండవ తరగతి చెట్లు పాత ఆకులను దాదాపు ఒకేసారి రాల్చి, రోజుల వ్యవధిలో చిగురు తొడుగుతాయి. వీటిని ఆకుమార్పిడి చెట్లు అనవచ్చు. కానుగ, వేప ఈ కోవకు చెందుతాయి. హిమాలయాల్లోని బాంజ్ ఓక్ కూడా వసంతంలో పాత ఆకు విడిచి కొత్త ఆకు తొడిగే చెట్టే. మూడవ తరగతి చెట్లు నెలల తరబడి మోడులుగా నిలిచి ఉంటాయి. టేకు, మోదుగ, బూరుగ ఈ వర్గంలోనివి; చాటు వరుసకు ఇవి పనికిరావు.

రెండవ తరగతి చెట్ల ప్రవర్తనలో వ్యవసాయ శాస్త్రజ్ఞుడు గమనించవలసిన విశేషం ఒకటున్నది. భూమి పైపొర పూర్తిగా ఎండిన మార్చి, ఏప్రిల్ మాసాల్లో, తొలకరికి రెండు నెలల ముందే కానుగ లేత పచ్చని చిగురు తొడుగుతుంది. ఉగాది నాటికి వేప పూత పట్టుకుంటుంది. లోతైన వేరు అందించే తేమ, కాండంలో దాచుకున్న నీరు, ఆకు రాలినందున తగ్గిన నీటి ఖర్చు కలిసి దీనిని సాధ్యం చేస్తున్నాయి. అంటే ఈ చెట్లు ఎండాకాలపు పచ్చదనానికి తామే మూల్యం చెల్లిస్తున్నాయి; ఆ మూల్యం వారం పదిరోజుల బోడి కొమ్మలు. ఆ పదిరోజులనూ ఒప్పుకోని వారు మొదటి తరగతి చెట్ల మెల్లని పెరుగుదలను ఒప్పుకోవాలి, లేదా వేసవిలో బోరుబావి నీటితో పచ్చదనాన్ని కొనుక్కోవాలి.

దీనినుంచి ఈ వ్యాసపు ప్రధాన ప్రతిపాదన వస్తుంది. వర్షాధార ప్రాంతంలో ఏడాది పొడవునా చాటునివ్వగలిగేది వేర్వేరు వారాల్లో ఆకు మార్చుకునే జాతులను కలిపి నాటిన వరుస. ఒకే జాతితో నాటిన వరుస, అది ఎంత మంచి జాతియైనా, ఏదో ఒక ఏడు ఒకేసారి బోడిబోతుంది, లేదా ఒకే తెగులుకు లొంగుతుంది.

రాయికోడ్ నేల, నీరు, గాలి

జహీరాబాద్ ప్రాంతం సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున ఉన్న పీఠభూమి. సగటు వర్షపాతం 800 నుంచి 900 మి.మీ. వరకు ఉంటుంది, అందులో అధికభాగం నైరుతి రుతుపవనాలదే. చలికాలంలో రాష్ట్రంలోకెల్లా తక్కువ ఉష్ణోగ్రతలు నమోదయ్యే చోట్లలో ఈ ప్రాంతంలోని కోహీర్, న్యాల్‌కల్ వంటి మండలాలున్నాయి. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు దిగడం పరిపాటి. ఏప్రిల్, మే మాసాల్లో నలభై డిగ్రీలు దాటుతుంది. ఎంచుకున్న చెట్టు ఈ రెండు కొసలనూ తట్టుకోవాలి.

ఇక్కడ రెండు రకాల నేలలు పక్కపక్కనే కనిపిస్తాయి. మొదటిది ఎర్రని జేగురు నేల. నీరు త్వరగా ఇంకుతుంది, ఆమ్లగుణం ఎక్కువ, భాస్వరం మొక్కకు అందకుండా కట్టుబడిపోతుంది, కొద్ది లోతులోనే గట్టి మొరం పొర తగులుతుంది. రెండవది నల్లరేగడి. వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయి, వేసవిలో నెర్రెలు బారుతుంది. ఆ నెర్రెలు లేతమొక్కల పక్కవేర్లను తెంపుతాయి. నల్లరేగడిలో భవనాలకు దగ్గరగా పెద్ద చెట్లు నాటితే మరొక ప్రమాదం ఉన్నది. వేర్లు తేమను లాగేకొద్దీ పునాది కింది మట్టి అసమానంగా కుంచించుకుపోయి గోడలు బీటలిస్తాయి. అందుకే రేగడి నేలల్లో చెట్టు ఎదిగాక చేరే ఎత్తుకు తక్కువ కాని దూరాన్ని గోడకూ చెట్టుకూ మధ్య వదలాలి.

గాలి విషయానికి వస్తే, వేసవి వేడిగాలులు ఎక్కువగా పడమర, వాయవ్య దిశలనుంచి, రుతుపవన కాలపు బలమైన గాలులు నైరుతి, పడమర దిశలనుంచి వీస్తాయి. సాయంకాలపు ఎండ కూడా పడమటిదే. కనుక పరిమిత స్థలం, పరిమిత నీరు ఉన్న రైతు నాలుగు వైపులా కాక, ముందుగా పడమటి, నైరుతి గెట్లపై వరుస నాటుకోవడం లాభదాయకం.

నీటి లెక్క

చాటు వరుస గురించి సలహా ఇచ్చేటప్పుడు సాధారణంగా మరుగునపడేది నీటి లెక్క. ఒక చదరపు మీటరు పందిరి నుంచి ఒక మి.మీ. నీరు ఆవిరైతే అది ఒక లీటరు. వంద మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు గల పచ్చని గోడకు పందిరి విస్తీర్ణం 200 చదరపు మీటర్లు. వేసవిలో ఆ గోడను వాడకుండా నిలపడానికి రోజుకు 5 మి.మీ. నీరు ఇస్తామనుకుంటే రోజుకు 1,000 లీటర్లు అవుతాయి. మార్చి నుంచి మే వరకు తొంభై రోజులకు 90,000 లీటర్లు, అంటే పదివేల లీటర్ల ట్యాంకర్లు తొమ్మిది. ఇది ప్రతి ఏటా చెల్లించవలసిన పన్ను వంటిది. అదే బోరుపై అల్లం, చెరకు, కూరగాయలు ఆధారపడి ఉన్నప్పుడు కంచె చేను మేసిన సామెత అక్షరాలా నిజమవుతుంది.

లోతు వేరు గల ఆకుమార్పిడి చెట్లకు ఈ పన్ను తొలి రెండు వేసవులకే పరిమితం. వాటిని గుంతల వద్దనే తడుపుతాము కాబట్టి, చెట్టుకు వారానికి 20 లీటర్ల చొప్పున, వంద మీటర్ల వరుసలో ఆరు మీటర్ల ఎడంగా ఉన్న 17 చెట్లకు వారానికి 340 లీటర్లు సరిపోతాయి. కింది అంతస్తులో పొదలు కలిపినా మొత్తం ఖర్చు పై లెక్కలో స్వల్పభాగమే. మూడవ ఏటినుంచి వేరు తనదారి తాను చూసుకుంటుంది.

అనువైన జాతులు

రాయికోడ్ పరిస్థితులకు తగిన ముఖ్య జాతుల లక్షణాలను పట్టికలో పొందుపరచడమైనది.

పట్టిక 1: చాటు వరుసలకు అనువైన చెట్లు, పొదలు

| మొక్క | ఆకు మారే తీరు | అనువైన నేల | వరుసలో స్థానం |
|---|---|---|---|
| కానుగ | మార్చి–ఏప్రిల్. కొద్దిరోజులు పలుచబడుతుంది | రేగడి, ఎర్రనేల, చవుడు | పై అంతస్తు |
| వేప | ఫిబ్రవరి–మార్చి. త్వరగా చిగురిస్తుంది | ఎర్రనేల, మురుగు నిలవని రేగడి | పై అంతస్తు |
| నేరేడు | పూర్తిగా బోడిబోదు | లోతైన, తేమగల నేల | పై అంతస్తు, వాగు దరి |
| పొగడ | ఎప్పుడూ నిండుగా ఉంటుంది | లోతైన ఎర్రనేల, నీరు నిలవని నేల | మధ్య అంతస్తు |
| పాల | ఎప్పుడూ నిండుగా ఉంటుంది | మొరం, ఎర్రనేల | మధ్య అంతస్తు |
| వాక్కాయ | సతతహరితం, ముళ్ళపొద | అన్ని నేలలు | కింది అంతస్తు |
| బందారు | సతతహరితం, పొద | జేగురు, మొరం | కింది అంతస్తు |
| గోరింట | కత్తిరిస్తే దట్టంగా చిగురిస్తుంది | ఎర్రనేల | కింది అంతస్తు |

కానుగ: ఈ ప్రాంతపు వరుసలకు వెన్నెముక వంటి చెట్టు. పప్పుజాతికి చెందినది, వేరుబుడిపెల ద్వారా నత్రజనిని స్థిరీకరిస్తుంది. రేగడిలో తాత్కాలికంగా నిలిచే నీటినీ, చవుడునూ ఓర్చుకుంటుంది. పశువులు దీని ఆకును పెద్దగా ముట్టవు కనుక లేతదశలో రక్షణ సులభం. ఆకును పచ్చిరొట్టగా పొలంలో తొక్కించడం మన రైతులకు తరతరాలుగా తెలిసిన పద్ధతి. చాటు వరుసకు చేసే కొమ్మ కత్తిరింపు నేరుగా ఎరువుగా మారడం దీని ప్రత్యేకత. పక్కవేర్ల నుంచి పిలకలు రావడం దీని లోపం. దున్నకం లేని చోట వాటిని ఏటా తీసివేయాలి.

వేప: నీడ, గింజ, ఔషధగుణాల దృష్ట్యా దీనికి సాటిలేదు. అయితే 2021 నుంచి తెలంగాణలోని పలు జిల్లాల్లో వేపచెట్లు కొమ్మల కొసలనుంచి ఎండిపోవడం కనిపించింది. ఫోమాప్సిస్ శిలీంద్రం, దానికి తోడు టీ దోమ రసం పీల్చడం ఇందుకు కారణాలు. చాలా చెట్లు వానల తరువాత కోలుకున్నప్పటికీ, ఒకే జాతి వరుసలోని ప్రమాదాన్ని ఇది కళ్ళకు కట్టింది. వరుసలో వేప వాటా మూడవ వంతుకు మించకుండా చూడడం మంచిది.

పొగడ: సతతహరిత ఓక్‌కు మన ప్రాంతంలో రూపంలోనూ స్వభావంలోనూ దగ్గరగా నిలిచే చెట్టు ఇదే. నున్నని మందపు ఆకులు, నేల దగ్గరనుంచే గుబురుగా అల్లుకునే పందిరి, కత్తిరింపును తట్టుకునే గుణం దీనికి ఉన్నాయి. పరిమళపు పూలు, పక్షులు తినే పండ్లు అదనపు లాభం. పెరుగుదల మెల్లగా ఉండడం ఒక్కటే లోపం. అందుకే దీనిని త్వరగా పెరిగే పొదలతో కలిపి నాటాలి; పొగడ ఎదిగే వరకు పొదలు చాటునిస్తాయి.

పాల: సపోటా అంట్లకు వేరుమూలంగా ఉద్యాన విద్యార్థులకు పరిచితమైన చెట్టు. శ్రీహరికోట ప్రాంతపు తీర అడవులు దీని బలాన్ని చూపుతాయి. కోరమాండల్ తీరంలోని ఈ ఉష్ణమండల శుష్క సతతహరిత అడవుల్లో ఏడాదిలో ఎక్కువ నెలలు వాన లేకపోయినా పాల, పొగడ, అల్లి వంటి చెట్లు పచ్చగానే ఉంటాయి. మధ్యధరా ప్రాంతపు ఓక్ వనాలు ఎండను ఎదుర్కొనే తీరుకు తెలుగునాట దీటైన ఉదాహరణ ఈ అడవులే. పాల చాలా మెల్లగా పెరుగుతుంది; దేవాలయాలు, విద్యాసంస్థల వంటి దీర్ఘకాలిక ప్రాంగణాలకు తగినది.

వాక్కాయ, బందారు, గోరింట: చాటు వరుసలో మనిషి కంటికి ఎదురయ్యే భాగాన్ని నింపేవి ఇవే. చెట్టు ఎంత పెరిగినా కాండం మొదలు బోడిగా ఉంటే చాటు ఉండదు. వాక్కాయ జంట ముళ్ళతో పశువులను ఆపుతుంది. కాయ పప్పుకూ పచ్చడికీ పనికివస్తుంది, అమ్ముడుపోతుంది. బందారును మేకలు ముట్టవు. జేగురు నేలలో, మొరం గుట్టల్లో సహజంగా పెరిగే ఈ పొద విత్తనంతోనే వస్తుంది. గోరింటను కొమ్మలతోనూ విత్తనంతోనూ పెంచవచ్చు. వాగుల వెంట, తేమ ఉన్న చోట వావిలి కూడా ఈ పని చేస్తుంది.

జాగ్రత్త పడవలసిన జాతులు

త్వరగా పచ్చని గోడ కావాలన్న కోరిక తెలంగాణకు నేర్పిన పాఠం కోనోకార్పస్. మన నర్సరీల్లో విరివిగా పెంచిన కోనోకార్పస్ లాన్సిఫోలియస్ సొమాలియా పరిసరాల ఆఫ్రికా కొమ్ము ప్రాంతానిది. గల్ఫ్ దేశాలకు వెళ్ళిన మన కార్మికులకు రోడ్ల పక్కన, ఇళ్ళ చుట్టూ పచ్చగా కనిపించే చెట్టుగా ఇది సుపరిచితం. 2015లో మొదలైన హరితహారం కాలంలో రహదారుల మధ్య, ప్రాంగణాల చుట్టూ వేగంగా వ్యాపించింది. వేర్లు భూగర్భ పైపులను దెబ్బతీస్తాయన్న ఫిర్యాదులు, పుప్పొడి వల్ల శ్వాస ఇబ్బందులన్న ఆందోళనలు రావడంతో రాష్ట్ర ప్రభుత్వం దీనిని పెంచవద్దని నిర్ణయించింది. 2023లో గుజరాత్ కూడా నిషేధించింది. ఆరోగ్యంపై దీని ప్రభావం ఎంత అన్న చర్చను పక్కన పెట్టినా, వ్యవసాయ దృష్టితో చెప్పవలసిన మాట ఉన్నది. ఒకే జాతిని, ఒకే వయసులో, స్థానిక పరిస్థితుల్లో పరీక్షించకుండా వేల సంఖ్యలో నాటడమే అసలు దోషం. రేపు మరొక చెట్టుతో అదే పని చేస్తే అదే ఫలితం వస్తుంది.

ఏడాకుల పాల మరొక ఉదాహరణ. ఇది దేశవాళీ చెట్టే, సతతహరితమే. అయితే అక్టోబరు, నవంబరు మాసాల్లో గుంపుగా పూసినప్పుడు వచ్చే ఘాటైన వాసన అనేకులకు భరించరానిదవుతుంది. 2014లో హుద్‌హుద్ తుపాను తరువాత విశాఖపట్నంలో విరివిగా పెరిగిన ఈ చెట్లపై నగరవాసుల ఫిర్యాదులు తెలిసినవే. దేశవాళీ అయినంత మాత్రాన ప్రతి చెట్టూ ప్రతి చోటికీ తగినది కాదని ఇది గుర్తుచేస్తుంది.

నరమామిడిని అశోకమని పిలుస్తూ ప్రహరీల వెంట బారులుగా నాటడం మన ఊళ్ళలో ఆనవాయితీ. నిటారుగా, కొమ్మలు కిందికి వాలి పెరిగే ఈ రకం తక్కువ స్థలంలో నిలువు చాటు ఇస్తుంది. నీడ ఇవ్వదు, గాలిని వడపోసే వెడల్పూ దానికి లేదు. ఇంటి ముందర రెండు మూడు చెట్లకు అది సరిపోతుంది. పొలం గెట్టుకు తగదు. మర్రి, రావి, జువ్వి వంటి చెట్లు గొప్పవే కాని గోడలకు, బావులకు, పైపులకు దగ్గరగా నాటరాదు.

వరుస నిర్మాణం

గాలిని పూర్తిగా ఆపే గోడ కంటే సగం వరకు వడపోసే వరుస మేలు. గట్టి గోడను తాకిన గాలి పైకి లేచి, అవతల సుడులుగా దిగి పైరును పడగొడుతుంది. నలభై నుంచి యాభై శాతం వరకు సందులున్న వరుస గాలి వేగాన్ని మెల్లగా తగ్గిస్తుంది. దాని రక్షణ గాలివాలున వరుస ఎత్తుకు పది రెట్ల దూరం వరకు చెప్పుకోదగినంతగా ఉంటుంది. ఆరు మీటర్ల వరుస అరవై మీటర్ల వరకు కాపాడుతుందన్నమాట. ఒక ఎకరం చదరపు పొలానికి ఒక భుజం పొడవు దాదాపు అంతే.

ఈ లాభానికి ఎదురుగా నష్టం కూడా లెక్కించాలి. వరుస ఎత్తుకు ఒకటి నుంచి ఒకటిన్నర రెట్ల దూరం వరకు వేర్ల పోటీ, నీడ వల్ల పైరు తగ్గుతుంది. నీడ దిశ కూడా ముఖ్యమే. సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్న రాయికోడ్‌లో డిసెంబరు చివర మిట్టమధ్యాహ్నం ఆరు మీటర్ల చెట్టు నీడ ఉత్తరానికి అయిదు మీటర్లకు పైగా పడుతుంది. మే రెండవ వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల వరకు మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు కనుక నీడ చెట్టు మొదటనే ఉంటుంది. కాబట్టి పొలానికి దక్షిణపు గెట్టున ఎత్తైన వరుస నాటితే యాసంగి జొన్న, శనగలకు నష్టం. ఉత్తరపు గెట్టున నాటితే సొంత పొలానికి నష్టం లేదు కాని పక్క రైతుకు ఉన్నది. ఊరి పంచాయతీలకు చేరే గెట్టు తగాదాల్లో చెట్టునీడకు కూడా చోటున్నదని విస్తరణ కార్యకర్తలకు తెలుసు. ఎదిగిన పందిరి వ్యాసంలో సగం దూరమైనా గెట్టునుంచి లోపలికి జరిపి నాటించడం, నాటే ముందే పొరుగు రైతుతో మాట్లాడించడం సాంకేతిక సలహాలో భాగమే.

ప్రాంగణాలకు, తోట గృహాలకు మూడంతస్తుల వరుస అనువైనది. రోడ్డు వైపున వాక్కాయ లేక బందారును రెండు సాళ్ళలో, 60 నుంచి 75 సెం.మీ. ఎడంగా, ఒక సాలు మొక్క మరొక సాలు సందుకు ఎదురుగా వచ్చేట్టు నాటాలి. దానికి రెండు మీటర్ల లోపల పొగడ లేక పాలను మూడు మీటర్ల ఎడంగా, మరి మూడు మీటర్ల లోపల కానుగ, వేప, నేరేడును ఆరు మీటర్ల ఎడంగా కలిపి నాటాలి. వంద మీటర్ల పొడవుకు ఈ వరుస దాదాపు ఆరు గుంటల నేలను తీసుకుంటుంది. ఒకటి రెండు ఎకరాల రైతుకు ఇది మోయలేని భారం. అతనికి పడమటి గెట్టున ఆరు మీటర్లకొక కానుగ, నడుమ బందారు లేక వాక్కాయతో ఒకే సాలు చాలు. పైరు వైపున ఏటా వానల ముందు లోతుగా నాగలిసాలు గాని, 60 సెం.మీ. లోతు కందకం గాని తీస్తే పక్కవేర్లు తెగి పోటీ తగ్గుతుంది. ఆ కందకమే వాననీటిని ఇంకిస్తుంది.

నాటడం, తొలి మూడేళ్ళ యాజమాన్యం

గుంతలు ఏప్రిల్, మే మాసాల్లో 60 సెం.మీ. ఘనంగా తవ్వి ఎండకు వదలాలి. జేగురు నేలలో అడుగు మొరం పొరను గడ్డపారతో పగలగొట్టకపోతే తల్లివేరు అక్కడే వంగిపోతుంది. ఆ నేలలో గుంతకు బాగా మాగిన పశువుల ఎరువుతో పాటు భాస్వర ఎరువు కలపడం అవసరం. రేగడిలో గుంత చుట్టూ నీరు నిలవకుండా మొక్కను కొద్దిగా ఎత్తుచేసిన మట్టిపై నాటాలి. నెర్రెలు బారకుండా చెరకు ఆకు, కంది కట్టె పొట్టు వంటి వాటితో ఆచ్ఛాదన వేయాలి.

నర్సరీ మొక్కను కొనేటప్పుడు ఎత్తును చూడడం కంటే వేరును చూడడం ముఖ్యం. సంచిలో ఎక్కువకాలం ఉన్న మొక్కకు వేర్లు అడుగున చుట్టలు చుట్టుకుంటాయి. అటువంటి మొక్క రెండేళ్ళు బాగా పెరిగి, తరువాత గాలికి ఒరిగిపోతుంది. రెండడుగుల ఎత్తు, తిన్నని వేరు గల మొక్క ఆరడుగుల చుట్టవేరు మొక్క కంటే మేలు. వేప, నేరేడు గింజలు ఓక్ గింజలవలెనే త్వరగా మొలకశక్తిని కోల్పోతాయి. పండిన వెంటనే, రోజుల వ్యవధిలో విత్తాలి. సొంతంగా నర్సరీ పెంచే పాఠశాలలు, స్వయం సహాయక సంఘాలు దీనిని గుర్తుంచుకోవాలి.

తొలకరి తరువాత నేల బాగా తడిసినప్పుడు, జూన్ చివర నుంచి జూలై వరకు నాటాలి. తొలి ఏడాది మేకల నుంచి కంపతో రక్షణ తప్పనిసరి. తొలి రెండు వేసవుల్లో వారానికొకసారి లోతుగా తడపాలి; రోజూ కొద్దికొద్దిగా పోసిన నీరు వేరును పైపొరకు అలవాటు చేస్తుంది.

పొదలను 30 నుంచి 45 సెం.మీ. ఎత్తు రాగానే కొసలు తుంచాలి. ఎత్తు కోసం ఆగితే అడుగు బోడిబోతుంది, ఆ ఖాళీ తరువాత నిండదు. వరుస అడుగున వెడల్పుగా, పైకి పోనుపోను సన్నగా ఉండేట్టు కత్తిరిస్తే కింది ఆకులకూ వెలుతురు అందుతుంది. కత్తిరింపుకు తొలకరి తరువాతి కాలం, వానలు వెనుదిరిగిన అక్టోబరు చివరి కాలం అనువైనవి. ఏప్రిల్, మే మాసాల్లో కత్తెర పెట్టరాదు. లోపలి లేతకొమ్మలు ఎండకు మాడతాయి, గూళ్ళు కట్టిన పక్షులకూ హాని జరుగుతుంది.

విస్తరణ శాస్త్రవేత్తలు గమనించవలసినవి

చాటు వరుసపై సలహా ఇవ్వడం ఒక పైరుపై సలహా వంటిది కాదు. పైరు తప్పితే వచ్చే కారుకు దిద్దుకోవచ్చు. చెట్టు తప్పితే పదేళ్ళ తరువాత తెలుస్తుంది. అప్పుడు తీసివేయడమూ సులభం కాదు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం ప్రకారం, మినహాయింపు పొందిన జాతులను వదిలితే, సొంత భూమిలోని చెట్టును కొట్టడానికి కూడా అనుమతి కావాలి. కనుక జాతి పేరు చెప్పే ముందు ఈ ప్రశ్నలకు జవాబులు రాబట్టాలి.

1. చాటు దేనినుంచి: చూపునుంచా, దుమ్మునుంచా, గాలినుంచా, పశువులనుంచా? ఒక్కో పనికి ఒక్కో అంతస్తు ముఖ్యం.
2. నేల జేగురా, రేగడా? మొరం ఎంత లోతున ఉన్నది?
3. మే నెలలో బోరు ఎన్ని గంటలు పోస్తుంది? ఆ నీటిపై ఏ పైరు ఆధారపడి ఉన్నది?
4. గెట్టుకు అవతల ఎవరి పొలం, ఏ పైరు, ఏ దిశలో ఉన్నది?
5. గోడలు, బావులు, పైపులు, విద్యుత్ తీగలు ఎంత దూరంలో ఉన్నాయి?
6. ఏడాదికి పదిరోజులు వరుస పలుచబడినా యజమానికి సమ్మతమేనా?

చివరి ప్రశ్న చిన్నదిగా కనిపించినా మొత్తం ఎంపికను అదే నిర్ణయిస్తుంది. సమ్మతమైతే కానుగ, వేప వంటి త్వరగా పెరిగి నీరడగని చెట్లన్నీ అందుబాటులోకి వస్తాయి. లేదంటే పొగడ, పాల కోసం ఓపిక పట్టాలి.

విద్యార్థులు చేపట్టదగిన చిన్న అధ్యయనం కూడా ఇందులో ఉన్నది. తమ ఊరి పది జాతుల చెట్లను ఎంచుకొని, జనవరి నుంచి జూన్ వరకు వారానికొకసారి పందిరిలో ఎంత భాగం ఆకు ఉన్నదో నమోదు చేస్తే ఆ ఊరి ఆకుమార్పిడి పంచాంగం తయారవుతుంది. నేలను బట్టి, ఎత్తును బట్టి ఆ వారాలు మారుతాయి. అటువంటి పంచాంగం మండలానికొకటి ఉంటే చాటు వరుసల రూపకల్పన ఊహపై కాక కొలతపై నిలుస్తుంది.

ముగింపు

సతతహరిత ఓక్ మధ్యధరా రైతుకు చేసే మేలును రాయికోడ్ రైతుకు పొగడ, కానుగ, వాక్కాయ కలిసి చేయగలవు. వాటి ఆకు మారే వారాలు కలవకుండా చూడడం, వేరుకు నేలను తగినట్టు సిద్ధం చేయడం, గెట్టుకు అవతలి రైతునూ లెక్కలోకి తీసుకోవడం, తొలి రెండు వేసవులు తడి తప్పకుండా చూడడం ముఖ్య నియమాలు. వీటిని పాటించిన వరుస మూడవ వేసవి నుంచి బోరు నీటిని ఆశించదు. కత్తిరించిన కొమ్మను ఎరువుగా, కాయను ఆహారంగా పొలానికి తిరిగి ఇస్తుంది.